గ్రాఫీన్ పక్కన చిన్న రసాలు

రెండేళ్ల కిందటి మే నెల. నూజివీడు దగ్గర ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. సన్నటి వైర్లు అతకడంలో నన్ను మించినవాడు లేడని నాకో పొగరు.

రెడ్డిగూడెం అమ్మాయి సుజాత అప్పుడు గ్రాఫీన్ మీద ప్రాజెక్టు చేస్తోంది. గ్రాఫీన్ అంటే పెన్సిల్ ముక్కులో ఉండే కార్బనే, కాకపోతే ఒక్క పరమాణువు మందాన ఉండే పొర. దాని కింది పలకకి ఇచ్చే వోల్టేజ్, అంటే గేట్ వోల్టేజ్, మారుస్తూ పోతే రెసిస్టెన్స్ ఒకచోట శిఖరంలా లేచి దిగుతుంది. అది ఎక్కడ లేస్తుందో కొలవాలి. వేరే ల్యాబ్ వాళ్ళు అరువిచ్చిన శాంపిల్ ఒక్కటే ఉంది. శుక్రవారంలోగా నిలకడైన రీడింగ్ రాకపోతే ప్రాజెక్టు ఆపేస్తామని గైడ్ మేడమ్ చెప్పేశారు.

శిఖరం నిలిస్తేగా! సాయంత్రం ఒకచోట, పొద్దున ఇంకోచోట.

"చెయ్యి వణికించి నేను అతికిన వైరు కాంటాక్ట్ పాడుచేశావు కదమ్మా!" అని సుజాతని కసిరాను.

"కాంటాక్ట్ పోతే గీత గజిబిజిగా రావాలి కదండీ. గీత శుభ్రంగానే ఉంది, పక్కకి జరుగుతోందంతే. వాక్యూమ్‌లో వేడి చేస్తే వెనక్కి వస్తోంది, బీరువాలో పెడితే మళ్ళీ జరుగుతోంది. ఆ బీరువాలో ఏముందండీ?"

అది శాంపిళ్ళకి తేమ తగలకుండా పెట్టే బీరువా. దాని అడుగు అరలో గడ్డి పరిచి నేను చిన్న రసాల మామిడికాయలు మగ్గబెట్టాను. సీజన్‌లో మా ఇళ్లల్లో మంచాల కిందా, బియ్యం డ్రమ్ముల్లోనూ పండ్లే. ఇంట్లో ఎలుకల బాధ పడలేక ల్యాబ్‌కి తెచ్చాను. మగ్గే పండు ఆవిర్లు వదులుతుంది. అంత పలచటి పొర మీద అవి చేరితే కరెంటు నడక మారిపోదూ!

"ఏముంటుంది, ఏమీ లేదు," అన్నాను. సిగ్గేసినా అబద్ధమే ఆడాను.

గురువారం పొద్దున మేడమ్, "శాంపిల్ పాడైంది, వెనక్కి పంపేద్దాం," అన్నారు. సుజాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఆగలేకపోయాను. పండ్లు గడ్డితో సహా తెచ్చి టేబుల్ మీద పెట్టి, "తప్పు నాదండీ," అన్నాను.

"ఇది ల్యాబా, మామిడి మార్కెట్టా?" అని మేడమ్ దులిపేశారు.

పండ్లు ఇంటికి పంపించాం. బీరువా తుడిచి, శాంపిల్‌ని వాక్యూమ్‌లో వేడి చేసి మళ్ళీ లోపల పెట్టాం. శుక్రవారం పొద్దున శిఖరం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ప్రాజెక్టు బతికింది.

"క్షమించమ్మా, ఊరికే నిన్ను అన్నాను," అన్నాను. ఆ అమ్మాయి అది వినిపించుకుంటేనా!

"పండ్లన్నీ తినేశారాండీ? ఒక్కటైనా ఉంటే లోపల పెట్టి కొలుద్దాం. పచ్చికాయకి శిఖరం ఎంత జరుగుతుందో, పండుకి ఎంత జరుగుతుందో చూద్దామండీ!"

పంతొమ్మిదేళ్లుగా రీడింగ్ తేడాగా వస్తే నేను ముందు చూసేది ఎవర్ని తిట్టాలా అనే. నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే ఇంటికి ఫోన్ చేసి, మిగిలిన రెండు పండ్లూ ముట్టుకోవద్దన్నాను.