పన్నెండు గీతల గుమ్మడి నూనె

మా ఇంట్లో గుమ్మడికాయకు మొదటి గాటు మగవాళ్ళే పెట్టాలి. ఆడవాళ్ళు కాయ పగలగొడితే ఇంటికి మంచిది కాదని మా అవ్వ నమ్మకం, అవ్వ తర్వాత మా అమ్మ నమ్మకం. నాయన కొడవలితో ఒక్క గాటు పెట్టి వెళ్ళిపోతే, ఆ తర్వాత తరగడం, వండటం, గిన్నెలు తోమడం మాత్రం మాకే మంచిది. నేను సైన్సు టీచర్ని కాబట్టి ఈ మాట మీద అప్పుడప్పుడూ పోట్లాడేదాన్ని. ఎవరూ పట్టించుకునేవారు కాదు.

తనకల్లు పక్కన మాది మెట్ట ఊరు. వేరుశనగ పండని ఏడు కూడా దిబ్బ మీది గుమ్మడి తీగ నాలుగు కాయలు కాసేది. గింజల్ని అవ్వ బూడిదలో పొర్లించి చాటలో ఎండబెట్టేది. చిన్నప్పుడు నాకు కడుపులో పురుగులు పడితే ఆ పప్పునే బెల్లంతో నూరి పరగడుపున తినిపించేది. గుమ్మడి గింజల్లో నూనె ఉంటుందని మాకెవరికీ తెలియదు. మాకు నూనె అంటే శెనక్కాయ నూనె ఒక్కటే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, స్కూల్లో ఒక ఆదివారం అనుబంధం నా చేతికి వచ్చింది. అందులో గుమ్మడి నూనె గురించి ఒక పేజీ ఉంది. గుమ్మడి అమెరికా ఖండం నుంచి బయలుదేరి లోకమంతా తిరిగిందట. ఆస్ట్రియా దేశంలో ఒక మూల రైతులు తరతరాలుగా దాని గింజలతో నూనె తీస్తున్నారట. ఒకప్పుడు వాళ్ళ పొలాల్లో గట్టి పొట్టు లేని గింజల కాయ తనంతట తానే పుట్టిందట, దాంతో ఒలిచే చాకిరీ తప్పిందట. గింజల్ని పొడి చేసి, నీళ్ళు, ఉప్పు కలిపి, వేయించి గానుగ ఆడతారట. నూనె పలచగా పోస్తే పచ్చగా, సీసాలో చూస్తే నల్లెరుపుగా ఉంటుందట. పేజీ కింద దాని గుణాలు రాశారు. పురుగులకు మంచిది, నిద్రకు మంచిది, వయసు మళ్ళిన మగవాళ్ళ మూత్రం ఇబ్బందికి మరీ మంచిది. ఆ చివరి ముక్క రెండుసార్లు చదువుకున్నాను.

ఎందుకంటే నాయన బస్సెక్కడం మానేసి అప్పటికి ఏడాది. కదిరికి పోదామంటే ఏదో ఒక సాకు. అన్నం తింటూ తింటూ లేచి గొడ్ల చావిడి వెనక్కి పోయేవాడు, కూర చల్లారేదాకా వచ్చేవాడు కాదు. ఒక రోజు అమ్మ వడ్డిస్తూ ఊరికే అంది.

"గొడ్ల చావిడి ఎనక పొద్దస్తమానం తడే ఉండాది. ఏ గొడ్డుకు ఏమైందో ఏమో."

"నాకేం కాలేదు, నేను బాగుండాను!" అన్నాడు నాయన.

"నిన్నెవురు అడిగినారప్పా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్ల!"

నేను నవ్వాను గానీ నవ్వాల్సిన విషయం కాదని తెలుసు. ఆసుపత్రి మాటెత్తితే నాయన పెదనాయనను గుర్తు చేసేవాడు. పెదనాయన ఏదో ఆపరేషన్‌కని అనంతపురం పోయి మళ్ళీ ఇంటికి రాలేదు. "మా అన్న నడుచుకుంటా పోయినాడు" అని మాత్రం అనేవాడు.

ఆ మాటకు జవాబుగా నాకు గుమ్మడి నూనె దొరికింది. కదిరిలో అది ఏ అంగట్లోనూ లేదు. మనమే ఆడించుకుందామని మొండికేశాను. మాఘమాసం పెళ్ళిళ్ళలో సాంబారుకు గుమ్మడికాయలు కోసే వంటవాళ్ళను బతిమాలి, వాళ్ళు పారేసే గింజలు తెచ్చుకున్నాను. పిల్లల చేత ఇళ్ళ నుంచి తెప్పించాను. మన గింజలకు పొట్టు గట్టి. ఒక్కో గింజ గోటితో ఒలవాల్సిందే. ఆ పనిలో అమ్మ గోళ్ళు అరిగిపోయాయి. "ఆ దేశపోళ్ళకు దేవుడు పొట్టు తీసి ఇచ్చినాడు, మనకు గోళ్ళు ఇచ్చినాడు" అనేది. రెండు కిలోల పప్పు తేలింది.

గానుగాయన ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"యాడన్నా ఇన్నామా టీచరమ్మా? రేపు నా శెనక్కాయ నూనె ఈ కంపు కొడితే ఎవురు కొంటారు?"

చివరికి, గానుగ కడిగే ముందు ఆఖరున ఆడిస్తానన్నాడు. పేజీలో రాసినట్టే అమ్మ పప్పును వేయించి ఇచ్చింది. వచ్చింది ఒక్క సీసా. మిగతా నూనె అంతా పిప్పి చెక్కలోనే ఉండిపోయింది, దాన్ని ఎద్దులు తిన్నాయి. నూనె మాత్రం పేజీలో ఉన్నట్టే నల్లెరుపుగా ఉంది, వేయించిన పప్పు వాసన కొట్టింది. ఆ రోజు నాకెంత గర్వమో చెప్పలేను.

ఉగాది నాడు నాయనకు షరతు పెట్టాను. రోజూ పొద్దున పరగడుపున ఒక చెంచా. సీసా అయిపోయేలోపు తగ్గకపోతే నోరు మూసుకుని నాతో ఆసుపత్రికి రావాలి.

"సీసా అయిపోతే కదా. సరేలే పాపా" అన్నాడు.

జన్మలో నా మాట వినని మనిషి అంత తొందరగా ఒప్పుకుంటే అనుమానం రావాలి. నాకు సంతోషమొచ్చింది. తెల్ల గాజు సీసాకు నిలువునా ఒక కాగితం అంటించి, వారానికొకటి చొప్పున పన్నెండు గీతలు గీశాను. వానలు పడి విత్తనం వేసేనాటికి సీసా ఖాళీ కావాలి.

మొదటి నెల నాయన బాగుందన్నాడు. అన్నం మధ్యలో లేవడం తగ్గిందని అమ్మ కూడా అంది. స్కూల్లో అందరికీ చెప్పుకున్నాను. ఒక సారు వాళ్ళ మామకు కూడా కావాలని అడిగాడు.

వానలు పడ్డాయి, విత్తనం పడింది. వినాయక చవితి దగ్గరికొచ్చింది. ఒక రోజు పొద్దున నాయన చావిడి వెనక నుంచి ఎంతకూ రాలేదు. అమ్మ పోయి చూస్తే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖమంతా చెమట, పొత్తికడుపు రాయిలా గట్టిగా ఉంది. చుక్క కూడా రావడం లేదు. ఆటోలో కదిరికి తీసుకుపోయాం. దారి పొడుగునా గతుకు వచ్చినప్పుడల్లా నాయన నా చెయ్యి నలిపేశాడు. అక్కడ గొట్టం వేసి అనంతపురం పంపారు. ఆపరేషన్ అయింది. నాయన బతికాడు.

డాక్టరు నూనెను తిట్టలేదు. కొందరికి కొంచెం ఉపశమనం ఇవ్వొచ్చు, కానీ దారికి అడ్డం పడినదాన్ని తీసెయ్యలేదు అన్నాడు. చానాళ్ళుగా మూత్రం లోపలే నిలిచి నిలిచి రెండు మూత్రపిండాలూ దెబ్బతిన్నాయన్నాడు. "రెండు నెలల ముందు తెచ్చినా ఇంత నష్టం ఉండేది కాదమ్మా" అన్నాడు.

బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు గూట్లో సీసా చూశాను. పై నుంచి నాలుగో గీత దాకా ఇంకా నూనె ఉంది. మూత తీసి వాసన చూస్తే, శెనక్కాయ నూనె.

నాయన ఇంటికి వచ్చి కొంచెం కోలుకున్నాక అడిగాను. దాచలేదు.

"అయిపోతాంటే కొంచెం కొంచెం పోస్తాంటి. అయిపోతే నువ్వు ఆసుపత్రికి తోడుకపోతావు కదా. భయమైంది పాపా" అన్నాడు. మంచం మీద కూర్చుని, చిన్నపిల్లవాడిలా కాళ్ళ వైపు చూస్తూ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఉప్పు తగ్గించమన్నారు. అరటిపండు, కొబ్బరినీళ్ళు వద్దన్నారు. ఆ జాబితాలో గుమ్మడికాయ కూడా ఉంది. ఆ ఏడు దిబ్బ మీద కాసిన మొదటి కాయకు నాయనే గాటు పెట్టాడు, పెట్టి, తన కంచంలోకి ఉప్పులేని పప్పు పెట్టించుకున్నాడు. అమ్మ గూడు తుడుస్తూ ఆ సీసా బయటికి తీసింది.

"నాలుగో గీత కాడ్నే ఎన్నాళ్ళు నిలబడిందో! ఇంట్లో ఇంతమందిమి ఉంటిమి, ఒక్కరి కంటికీ కనపడలేదా?"

అమ్మ ఎవరినీ ఉద్దేశించి అనలేదు. నాయన తలెత్తలేదు. నేను మాత్రం భుజాలు తడుముకున్నాను. గీతలు గీసింది నేను. పొద్దున స్కూలుకు పోతూ రోజూ ఆ గూటి ముందే తల దువ్వుకునేదాన్ని. నూనె నాలుగో గీత దగ్గర ఆగిపోవడం చూశాను, రంగు పలచబడటం కూడా చూశాను. పెదనాయన నాకూ గుర్తున్నాడు. సీసా అయిపోకపోతే బాగుండునని నేనూ అనుకున్నాను.

ఆ మాట అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.