తార్నాక భవనానికి నేనిచ్చిన సర్టిఫికెట్టు

1996 జూన్‌లో నన్ను మా విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీలోని కన్సల్టెన్సీ విభాగానికి టెక్నికల్ ఆఫీసరుగా మార్చారు. అంతకు ముందు పదకొండేళ్లు అదే కాలేజీ రిఫ్రిజిరేషన్ ల్యాబులో పనిచేశాను. కొత్త విభాగంలో ఉన్నది నలుగురం. మెకానికల్ ప్రొఫెసర్ ఒకరు డైరెక్టరు, ఆయన కింద నేను, నా కింద ఇద్దరు టెక్నీషియన్లు. బయటి సంస్థలు అడిగితే వాళ్ల భవనాలకు వెళ్లి కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కొలిచి చెప్పడం మా పని. దాన్ని ఎనర్జీ ఆడిట్ అంటారు.

గ్రీన్ బిల్డింగ్ అనే మాట అప్పటికి మా చెవిన పడలేదు. వ్యాపార భవనాలకు పర్యావరణ రేటింగులిచ్చే పద్ధతి మన ఊళ్లోకి రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. మేమిచ్చేది ఒకే పేజీ సర్టిఫికెట్టు. ఈ భవనంలో విద్యుత్తు పొదుపు చర్యలు శాస్త్రీయంగా అమలయ్యాయని అందులో ఒక వాక్యం, ఎంత పొదుపైందో ఒక అంకె, కింద రెండు సంతకాలు. ఒకటి డైరెక్టర్ గారిది, రెండోది నాది.

నాకు అప్పగించిన మొదటి పెద్ద పని తార్నాక మెయిన్ రోడ్డు మీది నాలుగంతస్తుల భవనం. విదేశీ కంపెనీల కాగితాలను కంప్యూటర్లలోకి ఎక్కించే సంస్థ అది. యజమాని కృష్ణమోహన్ గారిది తెనాలి వైపు. హైదరాబాదులో స్థిరపడి, సొంత కష్టంతో పైకొచ్చిన మనిషి. రోడ్డు వైపు, అంటే పడమటి వైపు, నిలువెత్తు అద్దాలు పెట్టించుకున్నారు. మధ్యాహ్నం నుంచి ఆ అద్దాల్లోంచి ఎండ లోపలికి దిగేది. దాన్ని చల్లార్చలేక ఏసీ ప్లాంటు రొప్పుతూ ఉండేది.

మేము నాలుగు వారాలు కొలిచి రిపోర్టు రాశాం. అద్దాలకు బయటి వైపు నీడ పలకలు బిగించమన్నాం. డాబా మీద తెల్లటి పెంకు ముక్కలు పరిపించమన్నాం. లావు ట్యూబులైట్ల స్థానంలో సన్నవి పెట్టమన్నాం. వీటితో పాటు ప్లాంటు గురించి ఒక సూచన చేశాం. సెంట్రల్ ఏసీ చాలా వరకు లోపలి గాలినే మళ్లీ మళ్లీ చల్లబరిచి తిప్పుతుంది. మనుషులు పీల్చుకోవడానికి కొంత బయటి గాలిని దానిలో కలుపుతారు. ఆ గాలి వచ్చే దారిలో రేకు తలుపు లాంటిది ఉంటుంది. దాన్ని డ్యాంపర్ అంటారు. అక్కడది బార్లా తెరిచి ఉంది. బయటి వేడి గాలినంతా చల్లబరచడానికి కరెంటు ధారపోస్తున్నారు. అందుకని నేను రిపోర్టులో, 'ఫ్రెష్ ఎయిర్ డ్యాంపరును మినిమమ్‌లో ఉంచవలెను' అని రాశాను. ఆ వాక్యం రాసినప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు.

మేము చెప్పినవన్నీ కృష్ణమోహన్ గారు చేయించారు. ఆ చలికాలంలో ఒక ఆదివారం నేను వెళ్లి పనులు చూసి, మీటర్లు చూసి వచ్చాను. కరెంటు వాడకం మేము అనుకున్న దానికంటే ఎక్కువే తగ్గింది. సంక్రాంతి సెలవులు అయ్యాక సర్టిఫికెట్టు ఇచ్చాం. ఆయన దానికి పటం కట్టించి కింది అంతస్తులో, లోపలికి అడుగు పెట్టగానే కనబడేలా గోడకు తగిలించారు. మా విభాగంలో అందరికీ స్వీట్లు పంపారు.

మార్చిలో ఒక ఉదయం ఒకమ్మాయి మా ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, "సుభద్ర మేడం మీరేనా?" అని అడిగింది. పేరు రజిత. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటుంది, తండ్రి పాయింట్స్‌మన్. పొద్దున మా క్యాంపస్‌లోనే ఎం.ఏ. చదువుతూ, ఒంటిగంట నుంచి ఆ తార్నాక భవనంలో షిఫ్టు చేస్తోంది. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. పని వేళల్లో నిద్రపోతున్నావు, తప్పులు ఎక్కువయ్యాయి, సంజాయిషీ చెప్పమని ఆఫీసు ఇచ్చిన మెమో అది. రెండోది. మూడోది వస్తే ఉద్యోగం లేనట్టే.

"మా ఆఫీసుల గాలి ఆడ్తలేదు మేడం," అంది. "సార్‌కు చెప్తే గోడ మీది సర్టిఫికెట్ చూపిస్తుండు. యూనివర్సిటోళ్లే బాగున్నదని రాసిచ్చిన్రు, నీకేంది కష్టం అంటుండు. దాని మీద మీ సంతకం ఉన్నది. గందుకే మీ దగ్గరికి వచ్చిన."

నాకు ముందు వచ్చింది చిరాకే. ఇటు చదువు, అటు ఉద్యోగం అంటే నిద్ర రాక ఏమవుతుంది అనుకున్నాను. కొంచెం మెత్తగా ఆ మాటే అన్నాను కూడా.

ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. "నా ఒక్కదానికే అయితే రాకపోదును మేడం. మా హాల్ల నలభై మందిమి ఉన్నం. నాలుగు కొట్టంగనే అందరికి తల నొస్తది, కండ్లు మూతలు పడ్తయి. బయటికొచ్చి బస్టాపుల నిలబడ్తే తక్కువైతది. ఆదివారం ఇంటికాడ ఎవ్వరికేం కాదు."

వారం కిందట సీట్లోనే కళ్లు తిరిగి పడిపోయిందట. డాక్టరు ఎక్స్‌రే తీయించమన్నాడని, టీబీయేమోనని అమ్మ ఏడుస్తోందని చెప్పింది.

ఆమె వెళ్లిపోయాక ఆ ఆదివారం మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. నేను చివరిసారి ఆ భవనానికి వెళ్లింది ఆదివారం నాడు. మనిషన్నవాడు లేని భవనాన్ని చూసి సంతకం పెట్టాను.

సివిల్ విభాగంలోని పర్యావరణ ల్యాబుకు వెళ్లి గాలిని పరీక్షించే గాజు గొట్టాలు, చేతి పంపు అడిగి తీసుకున్నాను. గొట్టంలో ఒక రసాయనం నింపి ఉంటుంది. పంపుతో గాలిని గుంజితే లోపలి పొడి రంగు మారుతుంది. ఎంత పొడుగున మారిందో గీతలతో పోల్చి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతో చెప్పవచ్చు. మనుషులు వదిలే ఊపిరి ఒకచోట ఎంత పోగవుతోందో దానితో తెలుస్తుంది.

ఆ గురువారం, ప్లాంటు పనితీరు చూడాలని చెప్పి ఒంటిగంటకే రెండో అంతస్తు హాల్లోకి వెళ్లాను. షిఫ్టు మొదట్లో గాలి ఫరవాలేదు. నాలుగు గంటలకు మళ్లీ కొలిస్తే బయటి గాలిలో ఉండేదానికి ఆరు రెట్లకు పైగా చూపించింది. తప్పు చదివానేమోనని ఇంకో గొట్టం కొసలు విరిచి గాలి గుంజాను. అదే రంగు, అదే గీత. హాల్లో ఎవరూ మాట్లాడటం లేదు. కీబోర్డుల మీద వేళ్లు మెల్లగా కదులుతున్నాయి. నా నుదురు కూడా బరువెక్కింది.

ప్లాంటు గదిలో ఆపరేటరు యాదగిరి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, రామంతాపూర్‌లో ఉంటాడు. పనిలో చాలా జాగ్రత్తపరుడు. డ్యాంపరు పూర్తిగా మూసి ఉంది. కదలకుండా దాని పిడిని బైండింగ్ తీగతో కట్టి ఉంచారు.

"ఇది ఎవరు మూశారు?" అన్నాను.

"నేనే మేడం. మీరే రాసిన్రు గద మినిమమ్ల పెట్టుమని? మినిమమ్ అంటే బంద్ చేసుడే గద." లేచి, "ఇంకొక కథ కూడ ఉన్నది, రాండ్రి చూపిస్త," అని బయటికి తీసుకెళ్లాడు.

బయటి గాలి లోపలికి వెళ్లే జాలీ, దానికి నాలుగడుగుల దూరంలో డీజిల్ జనరేటరు పొగగొట్టం. ఆ రోజుల్లో ఏ కాలమైనా కరెంటు కోతలే. జనరేటరు వేసినప్పుడల్లా పొగ హాల్లోకి వచ్చి జనం దగ్గేవారట. తిట్లు యాదగిరికి. "మీ రిపోర్టు వచ్చినంక ఖుషీ అయిన మేడం. బంద్ చేయనీకి పర్మిషన్ దొరికిందనుకున్న," అన్నాడు. అతనిలో కపటం లేదు. ఆడిట్ చేసిన నాలుగు వారాల్లో ఒక్కసారైనా జనరేటరు నడుస్తుండగా నేను ఆ జాలీ ముందు నిలబడి ఉంటే ఈ సంగతి నాకే తెలిసేది.

పొగ అనగానే నాకు ఇంకో భయం పట్టుకుంది. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది ప్రాణాలు తీసే వాయువు. ఆ అమ్మాయి పడిపోయింది దానివల్లేనేమో అనుకున్నాను. ల్యాబు నుంచి తెచ్చిన గొట్టాల్లో దాన్ని కొలిచేవి కూడా ఉన్నాయి. జనరేటరు వేయించి, హాల్లో మూడు చోట్ల గాలి గుంజాను. మూడింటిలోనూ పొడి రంగు మారలేదు. యాదగిరి డ్యాంపరు మూయడమే ఆ ప్రమాదాన్ని ఆపింది.  రజితది ఊపిరి సరిగా ఆడక వచ్చిన మత్తే తప్ప విషం కాదు.

మర్నాడు డైరెక్టర్ గారి దగ్గరికి కాగితాలన్నీ తీసుకెళ్లాను. 'మినిమమ్' అంటే ఎంతో నేను రాయలేదని, మనుషులు పనిచేసే వేళ మళ్లీ వెళ్లి చూడలేదని చెప్పాను. సర్టిఫికెట్టు వెనక్కి తీసుకోవాలని, నేనే వెళ్లి కృష్ణమోహన్ గారికి ఆ మాట చెప్తానని అన్నాను. ఆయన రీడింగులు రెండుసార్లు చదివారు. ఈ వార్త బయటికొస్తే కొత్త విభాగానికి ఇంకెవరూ పని ఇవ్వరని ఆయనకూ తెలుసు.

"నువ్వొక్కదానివే వెళ్తానంటున్నావేమిటమ్మా? దాని మీద సంతకాలు రెండున్నాయి కదా," అన్నారు. ఆయన స్కూటరు వెనక కూర్చుని తార్నాక వెళ్లాను.

కృష్ణమోహన్ గారు మొదట మా మాట నమ్మలేదు, తర్వాత మండిపడ్డారు. "ఏమండీ, మీరే ఇచ్చి మీరే లాక్కుంటారా? వచ్చే వారం మా క్లయింట్లు వస్తున్నారు. వాళ్లకు ఆ గోడ మీద ఖాళీ చూపించమంటారా? ఇంత చల్లగా ఉన్న ఆఫీసులో గాలి లేదంటే ఎవరు నమ్ముతారండీ?"

ఆయన గదికి విడిగా కిటికీ ఏసీ ఉంది. హాల్లో ఆయన పది నిమిషాలకు మించి నిలబడిన రోజు లేదు. ఆ సంగతి నాకు అక్కడే తట్టింది. "సార్, ఇవాళ రెండింటి నుంచి అయిదు దాకా హాల్లో కూర్చుని మీ కాగితాలు చూసుకోండి. ఏమీ లేదంటే మేం వెళ్లిపోతాం," అన్నాను. పంతానికి ఒప్పుకున్నారు.

ఖాళీగా ఉన్న ఒక కుర్చీలో, రజిత పక్కనే కూర్చున్నారు. ఆమె బిగుసుకుపోయి టైపు చేస్తోంది. మూడు దాకా చలాకీగా ఫైళ్లు తిప్పారు. మూడున్నరకు టీ తెప్పించుకున్నారు. నాలుగు దాటాక అద్దాలు తీసి కణతలు నొక్కుకున్నారు. ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదువుతున్నారని నేను గమనించాను. నాలుగున్నరకు ఆవులింత ఆపుకోలేక, పక్కకు తిరిగి రజితను చూశారు.

"రోజూ ఇంతేనా అమ్మా?"

"ఇయ్యాల కొంచెం నయమే సార్."

ఆయన లేచి మా దగ్గరికి వచ్చి, ఏం చేయాలో చెప్పమన్నారు. సర్టిఫికెట్టు పటాన్ని ఆ సాయంత్రమే తీయించి మాకు అప్పగించారు.

గాలి తీసుకునే జాలీని అక్కడి నుంచి తీసేసి, రేకు గొట్టంతో డాబా మీద వెనక వైపుకు మార్పించాం. అక్కడికి రోడ్డు పొగ రాదు, జనరేటరు పొగా రాదు. హాల్లో కూర్చునే మనుషులను లెక్కపెట్టి, తలకు ఇంత గాలి చొప్పున డ్యాంపరు ఎంత తెరవాలో లెక్క కట్టాం. ఆ చోట పిడి పక్కన ఎర్ర పెయింటుతో గీత గీసి, 'ఇంతకంటే మూయరాదు' అని తెలుగులో రాశాం. గీత యాదగిరి చేతే గీయించాను. తీగ విప్పి బయట పారేశాడు.

పని పూర్తయిన మొదటి రోజు నాలుగింటికి నేనూ డైరెక్టర్ గారూ హాల్లో ఉన్నాం. గొట్టంలో రంగు వెనకటిసారి పాకిన దానిలో సగం దూరం కూడా పాకలేదు. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి నా చేతికిచ్చారు. హాల్లో ఎవరో ఏదో అంటే నలుగురు నవ్వారు. ఆ హాల్లో ఆ వేళప్పుడు నవ్వు వినడం నాకదే మొదటిసారి. 

కరెంటు వాడకం కాస్త పెరిగింది కానీ పాత స్థాయికి పోలేదు. నీడ పలకలు, డాబా మీది పెంకులు తమ పని తాము చేస్తున్నాయి. మే నెలలో, ఎండలు ముదిరాక, పని వేళల్లో మళ్లీ కొలిచి, పొదుపు అంకెను ఆ మేరకు తగ్గించి కొత్త సర్టిఫికెట్టు ఇచ్చాం. కృష్ణమోహన్ గారు మెమోలు రద్దు చేశారు. రజితవి మాత్రమే కాదు, ఆ హాల్లో ఇంకో ఏడుగురివి కూడా. ఎక్స్‌రేలో ఏమీ లేదని డాక్టరు చెప్పాడట. ఆ మాట చెప్పడానికి రజిత క్లాసు అయ్యాక మా ఆఫీసుకు వచ్చింది. "అమ్మ ఇప్పుడు నవ్వుతున్నది మేడం," అని చెప్పి షిఫ్టుకు టైమైందని వెళ్లిపోయింది. మేం భయపడినట్టు విభాగానికి పనులు ఆగలేదు. కృష్ణమోహన్ గారే అంబర్‌పేట్‌లో తన మిత్రుడి భవనానికి మమ్మల్ని పంపించారు.

ఆ తర్వాత పదిహేనేళ్లు ఈ పనే చేశాను. రేటింగులు వచ్చాక పెద్ద పెద్ద పత్రాలు నింపాల్సి వచ్చేది. ఆ వ్యవహారం వల్ల నా పనిలో మూడు సంగతులు మారాయి. రిపోర్టులో 'మినిమమ్', 'తగినంత' లాంటి మాటలు రాయడం మానేశాను. ఎంతో, ఎక్కడిదాకానో, యంత్రం నడిపే మనిషికి అర్థమయ్యే భాషలో రాశాను. ఖాళీ భవనాన్ని చూసి ఎన్నడూ సంతకం పెట్టలేదు. సంతకానికి ముందు కనీసం పదిమంది ఉద్యోగులను, యజమాని లేని చోట, సాయంత్రానికి మీకెలా ఉంటుందని అడిగాను. కరెంటు ఎంత మిగిలిందో మీటరు చూస్తే తెలుస్తుంది. లోపలి గాలి ఎలా ఉందో ముందుగా తెలిసేది అక్కడ రోజంతా కూర్చునేవాళ్లకు.