పక్కింటి మామ్మకు దక్కే మాటలు

నా చిన్నప్పుడు మా నాయనమ్మకు పక్కింటి మామ్మ మీద పట్టరాని కుళ్ళు. ఇద్దరికీ షుగరే. రేపల్లెలో ఒకే రైలెక్కి తెనాలి వెళ్లి ఒకే డాక్టరుకు చూపించుకునేవాళ్లు. మందుల చీటీ చదివిపెడతానని నన్నూ వెంట తీసుకెళ్లేవాళ్లు. డాక్టరు గారు పక్కింటి మామ్మతో తీరుబడిగా మాట్లాడేవారు. మా నాయనమ్మను మాత్రం ఇలా కూర్చోగానే అలా పంపించేసేవారు.

తలుపు పక్కన బల్ల మీద కూర్చుని మేము లోపలి నవ్వులు వినేవాళ్లం. నాయనమ్మ మొహం మాడిపోయేది. తను చేపలమ్మే మనిషని, ఒంటికి నీచు వాసనని, అందుకే ఆయన మాట కలపడం లేదని ఆమె అనుమానం. అందుకని తెనాలి వెళ్లే రోజున సున్నిపిండితో ఒళ్ళు రుద్దుకుని, పెళ్ళిళ్ళకు కట్టే పట్టుచీర కట్టేది. అంతటితో ఊరుకోక, ముందు రోజు నుంచే అన్నం మానేసి పలచటి మజ్జిగతో గడిపేది. పరీక్షలో షుగర్ తక్కువ కనిపిస్తే డాక్టరు మెచ్చుకుంటారని ఆశ. మా పేటలో చాలామంది చేసే పనే అది. ఆయన పరీక్ష కాగితం చూసి, బాగుందమ్మా, అవే మందులు వాడండి అనేవారు. నాయనమ్మ అంతా బాగానే ఉందండి అని లేచి వచ్చేసేది.

పక్కింటి మామ్మ అలా కాదు. పనసతొనలు తిన్నానని, మందు మరిచానని, కోడలు తిట్టిందని అన్నీ చెప్పేది. తిరుగు రైల్లో డాక్టరు ఏమన్నారో ఊరించి ఊరించి చెబుతుంటే నాయనమ్మ కిటికీలోంచి బయటికి చూసేది. నోరు కట్టుకోని మనిషికి అంత మర్యాద ఏంటని నాకూ ఒళ్ళు మండేది.

ఆ వేసవిలో నాయనమ్మ అరికాల్లో రొయ్య ముల్లు దిగింది. అప్పటికే కాళ్లు తిమ్మిరెక్కి చెప్పు జారినా తెలియని స్థితి. ముల్లూ తెలియలేదు. కుళాయి దగ్గర ఆమె కాళ్లు కడుక్కుంటుంటే పుండు నా కంటపడింది. డాక్టరుకు తెలిస్తే కాలు తీసేస్తారని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆ తర్వాత తెనాలి వెళ్లినప్పుడు పక్కింటి మామ్మ ఎంతకీ బయటికి రాలేదు. వచ్చాక, డాక్టరు గారు తన కాళ్లు కూడా చూశారని గొప్పగా చెప్పింది. మేము లోపలికి వెళ్లాం. ఆయన ఎప్పటిలాగే బాగుందమ్మా అని కలం తీశారు. నాయనమ్మ లేవలేదు.

"ఆవిడ కాళ్లు చూశారంట. నావి చూడరేంటి బాబూ? నేను మనిషిని కానా?"

ఆయన కలం పక్కన పెట్టారు. "ఆవిడ బాగోలేదని చెబుతారు, కాబట్టి చూస్తాను. మీరెప్పుడూ బాగుందనే అంటారు కదమ్మా."

నాయనమ్మ చెప్పు విప్పి కాలు చాపింది. ఆయన ఆ పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు. ఇంకొన్నాళ్లు దాచి ఉంటే కాలు దక్కేది కాదన్నారు. నీచు వాసన మాటే రాలేదు. మజ్జిగ సంగతి కూడా అప్పుడే బయటపడి చీవాట్లు తిన్నది. ఆ చీవాట్లు తింటూ కూడా ఆమె మొహం వెలిగిపోవడం నేను చూశాను. మేము బయటికి వచ్చేసరికి బల్ల మీద పక్కింటి మామ్మ మూతి ముడుచుకుని కూర్చుని ఉంది.

పుండు మానడానికి చాలా కాలం పట్టింది. ఆ కాలితోనే నాయనమ్మ మళ్లీ బజారుకెళ్లి చేపలమ్మింది.

ఇప్పుడు నాకూ షుగర్. తెనాలిలోనే చూపించుకుంటాను. చిన్న వయసు డాక్టరమ్మ, కంప్యూటర్ వైపే చూస్తుంది. నా ముందు వెళ్లినావిడతో మాత్రం నవ్వుతూ మాట్లాడుతుంది. నాకు కుళ్ళుగానే ఉంటుంది. నాయనమ్మ నుంచి షుగర్‌తో పాటు అదీ వచ్చినట్టుంది. షుగర్‌కు మందు వేసుకుంటున్నాను, ఈ కుళ్ళును మాత్రం తగ్గనివ్వను. లోపలికి వెళ్లి కూర్చోగానే, ఆమె ఏమీ అడగకముందే, చెప్పులు విప్పుతాను.