గంధం పూసిన ప్రాసెసరు

మా ముత్తాతగారి చేతికింద పదకొండు ఊళ్లుండేవి. తాతగారి ఎదుట కుర్చీ అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. 2003లో నేను విజయవాడలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. కుర్చీ వేస్తేగాని పని మొదలుపెట్టేవాణ్ణి కాను.

సుభద్రమ్మగారిది పెళ్లికార్డులు కంపోజ్ చేసే డీటీపీ సెంటరు. ఆవిడ కంప్యూటరు ఐదు నిమిషాలకోసారి ఆగిపోతోంది. తాళాల వ్యాపారి ఖాదర్ గారు కూతురి కార్డు కోసం పక్కనే కూర్చున్నారు.

"మధ్యాహ్నానికి ప్రెస్సుకెళ్లకపోతే కార్డులు పెళ్లయ్యాక పంచుకోవాలండీ," అన్నారాయన.

"అరగంట చాలు. మా వంశంలో మాట తప్పడం లేదు," అన్నాను.

ప్రాసెసరు వేడిని లాగేసే లోహపు దిమ్మె హీట్ సింక్. రెంటి మధ్యా వేడిని అందించే పేస్టు ఉంటుంది. ఎండితే అతుక్కుపోతుంది. అందుకే మిషను కాసేపు నడిపి, పేస్టు మెత్తబడ్డాక కరెంటు తీసి, దిమ్మెను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి.

"బాబుగారూ, మొన్న నేనే దాంట్లో..." అంటూ సుభద్రమ్మగారు ఏదో చెప్పబోయారు.

"మాకు చెప్పనక్కర్లేదండీ," అన్నాను.

నడిపాను, ఆపాను, క్లిప్పులు విప్పి తిప్పాను. కదల్లేదు. ఖాదర్ గారు గడియారం చూశారు. నాకు పౌరుషమొచ్చింది. లాగాను.

ప్రాసెసరును పట్టి ఉంచే లీవరు బిగించి ఉండగానే అది దిమ్మెతో సహా ఊడొచ్చింది. దాని పిన్నులు కొన్ని వంగాయి, రెండు విరిగాయి.

"పన్ను పీకారేంటండీ?" అన్నారు ఖాదర్ గారు.

వాసన చూశాను. మంచి గంధం!

"చలవ చేస్తుందని అరగదీసి పూశానండీ. పాతదంతా గీకేసి మరీ పట్టించా," అన్నారావిడ. "చెప్పబోతే మీరు విన్లేదుగా!"

నా గది పక్క వీధిలోనే. నా సొంత కంప్యూటరులో ప్రాసెసరు అలాంటిదే. వెళ్లి తీసుకొచ్చాను. లీవరు ఎత్తి, మూలనున్న గుర్తు సరిపోయేలా చూసి, నొక్కకుండా కూర్చోబెట్టాను. దిమ్మెకున్న గంధం స్పిరిట్‌తో తుడిచి, బియ్యపుగింజంత పేస్టు పెట్టి, క్లిప్పులు బిగించి, ఫ్యాను వైరు తగిలించాను. అరగంట కాస్తా గంటన్నరయింది. కార్డు మాత్రం పన్నెండులోపే ప్రెస్సుకెళ్లింది.

"మాట నిలబెట్టారండీ. గడియారమే కాస్త తొందరపడింది," అన్నారు ఖాదర్ గారు.

స్క్రూడ్రైవరు పట్టేముందు మనిషి చెప్పేది చివరిదాకా వినాలని, తిరగని దిమ్మెను లాగకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ప్రాసెసరు వెల తీసుకోమని ఆవిడ బతిమాలినా తీసుకోలేదు. దాంతో నా కంప్యూటరు మూలపడింది. అది కొనడానికి అంతకుముందు ఏడాదే మా తాతగారి పందిరిమంచం అమ్మాను.