గండి కోతి కథ

సావిత్రమ్మకు రెండు గొంతులు. ఇంట్లో ఒకటి, ఆసుపత్రిలో ఒకటి. ఇంటి గొంతు ఎంత చిన్నదంటే, ఆమె ఉప్పు అడిగిన మాట పక్కవాళ్లకు వినపడేసరికి భోజనాలు అయిపోయేవి. ఆసుపత్రి గొంతు ప్రొద్దుటూరులో లేస్తే జమ్మలమడుగులో బస్సు దిగేవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు.

ఆ రెండో గొంతుకు తల దించుకోవాల్సిన పని కోడలు లక్ష్మీప్రియది. బీపీ చూపించడానికి అత్తను రాఘవేంద్రప్రసాద్ డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది ఆమే. "నీ బీపీ శుభ్రంగా ఉందమ్మా, నెలకొకసారి వస్తే చాలు" అని డాక్టరు మొత్తుకున్నా సావిత్రమ్మ రెండు రోజులకోసారి చీర మార్చుకుని బయల్దేరేది. పోయాక చూపించుకునేదీ కాదు. వెనకొచ్చిన వాళ్లందరినీ ముందుకు పంపి, డాక్టరు గదిని ఆనుకుని ఉన్న కుర్చీలో మధ్యాహ్నం దాకా కూర్చునేది.

గది అంటే పేరుకే గది. హాలుకు అడ్డంగా ప్లైవుడ్ చెక్క నిలబెట్టి ఒక తలుపు బిగించారు. చెక్క పైకప్పు దాకా పోదు. డాక్టరు హస్తవాసి మంచిదే కానీ ఆయనకు కాస్త చెవుడు. తనకు వినపడనిది లోకంలో ఎవరికీ వినపడదని ఆయన నమ్మకం. "విరేచనం సాఫీగా అవుతోందా?" అని లోపల గట్టిగా అడిగితే బయట నలుగురు తలలూపేవాళ్లు. "బీడీ? సిగరెట్టు? మందు? గుట్కా?" అన్నప్పుడు మాత్రం హాలంతా ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించేది. లోపల్నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు. "అబ్బే, లేదు సార్." ఆ హాల్లో కూర్చుని వింటే ప్రొద్దుటూరంత బుద్ధిమంతుల ఊరు ఇంకోటి లేదనిపించేది.

సరిగ్గా ఆ ప్రశ్నల వేళకే సావిత్రమ్మ గొంతు లేచేది.

"గండికి పోతిమా! ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టి బయటికొస్తిమా! కోతి వచ్చి నా కండ్లద్దాలు పెరక్కపాయ! పెట్టుకోని నా మొగం దిక్కే చూస్తాంది!"

కోతి అద్దాలు పెట్టుకుని గోపురం ఎక్కేది. పూజారి అరటిపండు చూపించేవాడు. కోతి చెయ్యి చాచేది. అంతలో డాక్టరు గది తలుపు తెరుచుకునేది, సావిత్రమ్మ నోరు మూసుకునేది. ఇంకో పేషెంటు లోపలికి పోతే కథ మళ్లీ గండికి బయల్దేరేది. వేంపల్లె నుంచి మోకాళ్ల నొప్పులకు వచ్చే ఒకాయన నొప్పులు తగ్గాక కూడా వచ్చాడు.

"అద్దాలు ఇచ్చెనా లేదా, అదొక్కటి చెప్పమ్మా."

"చెప్తాండా కదప్పా, కూచ్చో."

తలుపు తెరుచుకుంది. ఆయన సాయంత్రం బస్సుకు ఉత్త చేతులతో వేంపల్లె చేరాడు.

కాంపౌండర్ జమాల్ 'నిశ్శబ్దం పాటించండి' అని రాయించి బోర్డు తెచ్చి సరిగ్గా ఆమె తల మీద తగిలించాడు. సావిత్రమ్మ మెడ తిప్పి చదివింది. "నిశ్శబ్దం పాటించాలంట! ఇనపడిందా అందరికీ?" అని హాలంతటికీ చాటింది.

చివరికి డాక్టరే బయటికి వచ్చాడు. "పేషెంటు చెప్పేది నాకు వినపడటం లేదమ్మా. ఇంక మీరు రావద్దు" అన్నాడు. ఆటోలో లక్ష్మీప్రియ ఏడ్చినంత పని చేసింది. "మన బట్టల అంగడి పరువు పోతాంది అత్తమ్మా." సావిత్రమ్మ ఇంటి గొంతుతో, "పోతే పోనీమ్మా" అంది.

నిజానికి ఆ ఇంట్లో నవ్వులు వినపడి చాలా కాలమైంది. మామ లక్ష్మీనరసయ్య పోయిన తర్వాత అంగడి కొడుకు పృథ్వీ ఒక్కడి మీద పడింది. ఆ మరుసటి ఏడు లక్ష్మీప్రియ కడుపులో ఆరోనెల బిడ్డ పోయింది. అప్పట్నుంచి ఆమెకు నిద్ర లేదు. మందుల షాపులో ఎవరికీ చెప్పకుండా నిద్రమాత్రలు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఒకటి మూడయింది. భర్తకు తెలియదు. ఒకరోజు అంగడి మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది.

"నాకు కాదురా జమాలూ, ఈ పొద్దు నా కోడలికి" అంటూ సావిత్రమ్మ మళ్లీ క్లినిక్ మెట్లెక్కింది. జమాల్ కాదనలేకపోయాడు. హాల్లో ఎదురంగడి వైష్ణవి కూర్చుని ఉంది. వైష్ణవికి తెలిస్తే సాయంత్రానికి అమ్మవారిశాల వీధంతా తెలిసినట్టే. బిడ్డ పోయినప్పుడు ఆ వీధి మాట్లాడిన మాటలు లక్ష్మీప్రియకు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

లోపల డాక్టరు అలవాటు కొద్దీ గట్టిగా అడిగాడు. "నిద్ర పడుతోందా? మాత్రలేమైనా మింగుతున్నావా?"

బయట వైష్ణవి విసనకర్ర చప్పుడు ఆగింది. లక్ష్మీప్రియ చూపు చెక్క మీదికి పోయింది. 'లేదు సార్' అనడానికి నోరు తెరిచింది.

"గండికి పోతిమా!"

ప్లైవుడ్ చెక్క అదిరింది. అన్నాళ్లూ తనను సిగ్గుతో చంపిన ఆ కేక వినగానే లక్ష్మీప్రియకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త ఆ కుర్చీలోనే ఎందుకు కూర్చుంటుందో, తలుపు తెరవగానే ఎందుకు ఆగిపోతుందో అప్పుడు తెలిసింది. డాక్టరు విసుక్కుంటూ కుర్చీ జరుపుకుని, చెవి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు. ఆ చెవిలో ఆమె అన్నీ చెప్పేసింది. కోతి గోపురం ఎక్కేలోపల మాత్రలు, పూజారి పండు చూపించేలోపల బిడ్డ.

డాక్టరు చేతిలో కలం పక్కన పెట్టాడు. "ఇది దాచి నా దగ్గర ఇంకో మందు రాయించుకుని ఉంటే ప్రాణం మీదికొచ్చేది తల్లీ. ఒక్కసారిగా మానొద్దు, మెల్లగా తగ్గిద్దాం" అన్నాడు. మనిషి అంత దగ్గరగా ఉన్నాడు కాబట్టి ఆయన గొంతు కూడా తగ్గింది.

ఆమె బయటికి రాగానే కథ ఆగింది. లక్ష్మీప్రియ పక్కన కూర్చుంది.

"నేను చెప్పింది ఇన్న్యావా అత్తమ్మా?"

"యాడ ఇంటామే? నా అరుపుకు నా చెవులే మూసుకపాయ." ఆ తర్వాత ఇంటి గొంతు వచ్చింది. "మీ మామను ఈ గదిలోనే అడిగిరి, మందు అలవాటుందా అని. దినామూ తాగే మనిషి. బయట అంతా మనోళ్లే కూచ్చోనుండ్రి. లేదన్యాడు. తర్వాత ఆపరేషన్ చేసినోళ్లు అదే నమ్మిరి. ఉన్నట్టుండి తాగుడు ఆగేతలికి వణుకు పుట్టి, మనిషి మతి తప్పి, అట్లే పాయ. ఆ పొద్దు హాలంతా గమ్మునుండె. నేనూ ఈ కుర్చీలోనే గమ్మునుంటి."

లక్ష్మీప్రియ ఆమె చెయ్యి పట్టుకుంది.

జమాల్ తరువాతి పేరు పిలిచాడు. జమ్మలమడుగు పక్క పల్లె నుంచి వచ్చిన గొర్రెల కాపరి చిన్నన్న తలపాగా సర్దుకుంటూ లోపలికి పోయాడు. ఆయన వెంట వచ్చిన బావమరుదులు చెక్క దగ్గరికి జరిగారు. "బీడీ? సిగరెట్టు?" అని వినపడింది. సావిత్రమ్మ నోరు తెరిచింది. దగ్గు తప్ప ఏమీ రాలేదు. కోడలి కోసం అరిచిన అరుపుకు గొంతు పూర్తిగా పోయింది.

జీవితంలో ఆటోను కూడా గట్టిగా పిలవని లక్ష్మీప్రియ లేచి నిలబడింది.

"గండికి పోతిమా!"

వైష్ణవి చేతిలో విసనకర్ర జారిపోయింది. లోపల డాక్టరు కుర్చీ జరిగిన చప్పుడైంది. జమాల్ కోపంగా పరుగెత్తుకొచ్చి, చెక్కను చూసి, బావమరుదులను చూసి, బోర్డును గోడవైపు తిప్పి వెళ్లిపోయాడు. ఆ పొద్దు కూడా వచ్చి కూర్చున్న వేంపల్లె ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "యమ్మా, నువ్వన్నా చివరిదాకా చెప్పు తల్లీ!"

కోతి గోపురం ఎక్కింది, చెయ్యి చాచింది. తలుపు ఇంకా తెరుచుకోలేదు. లక్ష్మీప్రియ కంగారుగా అత్త చెవి దగ్గరికి వంగింది.

"తర్వాత ఏమాయ అత్తమ్మా?"

సావిత్రమ్మ పోయిన గొంతుతోనే నవ్వింది.

"నాకేం తెలుసే? వాకిలి తీసేదాకా సాగదియ్యి."