బాపుతో పోయిన కార్డు

మా బాపు ఫౌజులో పనిచేసి వచ్చాడు, పోయినేడు చనిపోయాడు. ఆయన వైద్యం కార్డు అమ్మకూ పనిచేస్తుందని మాకు మొన్ననే తెలిసింది. అంతకు ముందు ఒక్కరూ చెప్పలేదు, బాపుతో సహా.

ఈ రోజు అమ్మకు కంటి ఆపరేషన్ చేయిద్దామని కేతేపల్లి నుంచి మాజీ సైనికుల క్లినిక్‌కు తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఉన్నతను, "పాత కార్డు అప్పజెప్తేనే అమ్మ పేరు మీద కొత్తది ఇస్తరు. ఏదీ, తీయండ్రి" అన్నాడు.

"గది ఆయనది గద సారూ! ఆయన టోపీతోని కలిపి బొందల పెట్టినం" అంది అమ్మ.

అతను తలెత్తకుండానే, "అయితే పోయిందని పోలీస్ స్టేషన్ల రాయించుకొని రాండ్రి" అన్నాడు.

పోలేదు. ఎక్కడుందో మాకు బాగా తెలుసు.

స్టేషన్ బయట కూర్చొని ఇది రాస్తున్నాను. ఫిర్యాదులో 'ఎక్కడ పోయింది' అన్నచోట ఏం రాయమంటారో మీరే చెప్పండి.