ఫ్లెక్సీ మీది పిల్ల మెడలో టై

దయానందం సారు సర్వీసుకు ముప్పై నాలుగేళ్లు నిండాయి. ఇక ఒక్క ఏడాదే మిగిలింది. అదీ గడిచేదాకా కనకమామిడి దగ్గరున్న తన ప్రైమరీ బడికి తాళం పడకుండా చూడమని ఆయన ప్రతి ఆదివారం చర్చిలో మోకరించేవారు. దేవుడు ఇంకా ఏ సంగతీ చెప్పలేదు గానీ, పై ఆఫీసు మాత్రం చెప్పేసింది. నెలాఖరుకు పదిమంది పిల్లలుంటే బడి ఉంటుంది, లేకపోతే పక్క ఊరి బడిలో కలిసిపోతుంది. ఉన్నది ఎనిమిది మంది.

సర్కారు సార్లకు పని లేదని అనేవాళ్లు ఒక్క పూట వచ్చి చూడాలి. పొద్దున్నే ఒక్కో పిల్ల ముఖాన్నీ ఫోనుకు చూపించాలి. ఫోను గుర్తుపడితేనే పిల్ల వచ్చినట్టు, ఎదురుగా నిలబడి ముక్కు తుడుచుకుంటున్నా సరే. మధ్యాహ్నం కోడిగుడ్ల ఫోటో పంపాలి. ఆ తర్వాత మరుగుదొడ్డి ఫోటో. ఒకరోజు తొందరలో సారు దానికిది, దీనికది పంపేశారు. రెండింటికీ పైనుంచి ‘బాగున్నది’ అనే జవాబు వచ్చింది. పై వాళ్లకు బడి గురించి తెలియని సంగతి లేదు, పిల్లకు చదవడం వచ్చిందా లేదా అన్నది తప్ప.

సరే, పిల్లల్ని చేర్పించమని ఇల్లిల్లూ తిరిగే రోజులు వచ్చాయి. ముందుగా ఒక ఫ్లెక్సీ కొట్టించాలని సారు చేవెళ్ల వెళ్లారు. షాపు రత్నాకర్ "సార్, నవ్వే పిల్ల ఫోటో ఒక్కటి ఇయ్యుండ్రి" అన్నాడు. సారు ఫోనంతా వెతికారు. బడి పిల్లలంతా హాజరు ఫోటోల్లో పోలీసు ఠాణాలో నిలబెట్టినట్టు గుడ్లు తెరుచుకుని ఉన్నారు. మొత్తం ఫోనులో నవ్వుతున్నది ఒక్కతే పిల్ల. సారు ఆ ఫోటోనే ఇచ్చేశారు. మర్నాటికల్లా బస్‌స్టాప్ పక్కన ‘మా బడికి రండి, మా పిల్లల్లా వెలగండి’ అని ఫ్లెక్సీ లేచింది. దాని మీద ఆ పిల్ల పళ్లన్నీ చూపిస్తూ నవ్వింది.

ఆ ధైర్యంతోనే సారు మైసమ్మ ఇంటికి వెళ్లారు. ఆమె ఫార్మ్‌హౌస్‌లో తోట పని చేస్తుంది. కొడుకు సారు దగ్గరే చదివాడు. ఇప్పుడు మనుమరాలు పింకీకి ఆరేళ్లు.

"అక్కా, పింకీని మా బడిల వెయ్యి. బట్టలిస్తం, పుస్తకాలిస్తం, గుడ్డు పెడ్తం."

"గుడ్డు మా కోడి గూడ పెడ్తది సారూ. చదువెవరు చెప్తరు?"

"నేను లేనా?"

"ఉన్నవు, ఉన్నవు. గా ఫ్లెక్సీ మీద నవ్వే పిల్ల ఎవ్వలు?"

"మా బడి పిల్లనే."

"మీ బడిల పిల్లలకు టై ఎప్పటిసంది కడ్తున్రు?"

సారు పిల్ల ముఖం చూసి ఫోటో ఇచ్చారు గానీ మెడ చూడలేదు.

"ఎర్రగీతల టై. మొయినాబాద్ ప్రైవేటు బడికి పోయే పసుపు బస్సుల పిల్లలందరికీ గదే ఉంటది. పనికి పొయ్యేటప్పుడు రోజూ చూస్త. గా పిల్ల మీ ఇంటి ముంగటనే బస్సెక్కుతది. నీ మనుమరాలు గాదా?"

సారు మంచినీళ్లు అడిగారు. మైసమ్మ చెంబు నిండా తెచ్చి ఇచ్చింది. ఆ చెంబు ఖాళీ అయ్యేదాకా మాట్లాడనక్కర్లేదు గనుక ఆయన గుక్కగుక్కకూ ఆగి తాగారు.

"తప్పు వడ్తలేను సారూ. హోటలాయన బువ్వకు ఇంటికి పోతుంటే, ఆ హోటల్ల మనమెట్ల తింటం? నీ పిల్లను తోల్కరా. ఆ దినమే మా పింకీ వస్తది."

ఎనిమిదికి రెండు కలిపితే పది. ఒకటో తరగతి లెక్కే, కానీ ఇంటికి వచ్చేదాకా సారు దాన్నే చేస్తూ వచ్చారు. రాగానే కోడలి ముందు గొంతు సవరించుకుని సంగతంతా చెప్పారు.

కోడలు చేతిలో పని ఆపింది. "మామయ్యా, పిల్లను బడిల వేసేటప్పుడు నేను సర్కారు బడే అన్న. ‘వద్దు బిడ్డా, నేను రోజూ ఆడనే ఉంట, నాకు తెల్వదా’ అన్నది ఎవరు?"

వంటింట్లో ఉన్న భార్య శాంతమ్మకు సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చింది.

"నేనే అన్న" అన్నారు సారు. "ఇప్పుడు చదువు నేనే చెప్త. రోజూ కూసోని చెప్త."

"అయితే ఒక్కటే షరతు. రోజూ పొద్దుమీకి బడి నుంచి రాంగనే నోట్‌బుక్ నేను చూస్త. ఫోటో గాదు, నోట్‌బుక్కే."

మనుమరాలు లిదియాకు ఒక్కటే అనుమానం. "తాతా, టై కట్టుకోవాల్నా?" అక్కర్లేదనగానే ఆ పిల్ల గంతులేసింది.

సోమవారం మైసమ్మ పింకీ చెయ్యి పట్టుకుని గేటు దగ్గర ముందే నిలబడి ఉంది. లిదియా రాగానే ఆ పిల్ల కాలర్ ఎత్తి చూసింది. "మెడ ఖాళీగనే ఉన్నది. పోవే పింకీ, లోపటికి పో!"

హాజరు వేళకు ఫోను మొండికేసింది. లిదియా నవ్వుతుంటే గుర్తుపట్టనంది. నాలుగోసారికి విసుగొచ్చి ఆ పిల్ల మూతి ముడుచుకుంది, అప్పుడు వెంటనే ఒప్పుకుంది. రిజిస్టర్‌లో పదో పేరు పడింది.

సారు ఫోనును బీరువాలో పెట్టి సుద్దముక్క తీశారు. ముప్పై నాలుగేళ్లలో ఎంతమంది ఆఫీసర్లు జీపులు దిగినా అదరని మనిషి, ఆ రోజు నోట్‌బుక్ తలచుకుని గంట కొట్టేదాకా కుర్చీలో కూర్చోలేదు. అక్షరం అక్షరం దిద్దించారు. లిదియాకు దిద్దించి పింకీకి మానడం ఎట్లాగూ కుదరదు గనుక పదిమందికీ దిద్దించారు. ఈ హడావుడిలో గుడ్ల ఫోటో పంపడం మర్చిపోయారు.

మర్నాడు పై ఆఫీసు నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. కోడలి నుంచి మాత్రం రాలేదు.